పొయ్యిమీదికి పోవు నీరు

యాదగిరిగుట్ట పాదమునగల వాడలలో తెల్లవారకమునుపే వెలుగు పొయ్యి చాయ్ పొయ్యి. కొండమీది నరసింహస్వామి సుప్రభాతమునకు యాత్రికులు మేల్కొను వేళకే క్రింది దుకాణములలో డికాషను మరగుచుండును. గృహములయందును దినచర్య దానితోనే మొదలగును. ఏ కంపెనీ చాయ్‌పత్తి మంచిది, ఏ డెయిరీ పాలు చిక్కనివి, చక్కెర ఎంత వేయవలెను అను విషయములపై మనము వాదములు సలుపుదుము. అవసరమైనచో ఇరుగుపొరుగులతో విభేదింతుము కూడ. కాని గిన్నెలో అన్నింటికంటె అధిక భాగమైన నీటినిగూర్చి ప్రశ్నించువారు మిక్కిలి అరుదు. ‘నీళ్ళేగదా, బోరు నీళ్ళే’ అని ఊరకుందురు. గృహజీవనమును చక్కదిద్దుకొనదలచిన వానికి ఈ ఉదాసీనతయే మొదటి అడ్డంకి కావున, ఈ అధ్యాయమును నీటికే వినియోగింతును.

పానీయములను కాచుట, పులియబెట్టుట వృత్తిగాగలవారు ఈ సత్యమును బహుకాలము క్రిందటనే గ్రహించిరి. ఇంగ్లండులోని బర్టన్ పట్టణపు బీరుకు దాని ప్రత్యేకరుచి అచ్చటి భూగర్భజలమున కరగియున్న జిప్సము వలన వచ్చినది. బొహీమియాలోని పిల్సెన్ బీరుకు సౌకుమార్యము అచ్చటి నీటి మృదుత్వమువలన వచ్చినది. పాశ్చాత్యదేశములలో ఇంటివద్ద బీరు తయారుచేసికొను ఔత్సాహికులు కూర్చుకొను సాధనములలో నీటివడపోత ఒకటి. మన రాష్ట్రమున ఆబ్కారీ చట్టము ఇంట మద్యము కాచుటకు అనుమతి నీయదు. నీయవలెనని నేనును కోరను. ఇచ్చటి జనుల పానీయమైన కల్లుకు నీటితో పనియే లేదు. తాడిచెట్టో ఈతచెట్టో భూమినుండి తోడి, తానే వడగట్టి, తానే తీపిచేసి లొట్టిలోనికి జార్చును. అందు నీరు కలుపువానిని గ్రామస్థులు ఏమందురో ఇచ్చట వ్రాయదగదు. కావున మన విషయము చాయ్, అంబలి, గంజి, అతిథివచ్చిన దినమున కాఫీ. వీని కన్నింటికిని ఆధారమైన నీటిని తక్కువ వ్యయముతో, స్వహస్తములతో, శాస్త్రసమ్మతముగ బాగుచేసికొను విధానమును చెప్పుటయే నా ఉద్దేశము.

నల్లగొండ సీమలో ఈ పనికి పిల్సెన్‌లో లేని ఒక గాంభీర్యము గలదు. మన గుట్టలు, మన బావుల అడుగులు, మన బోర్ల గోడలు అన్నియు గ్రానైటు. ఆ శిలయందలి బయోటైటు, అపటైటు, ఫ్లోరైటు వంటి ఖనిజములలో ఫ్లోరిన్ ఇమిడియున్నది. పగుళ్ళలో చిరకాలము నిలిచిన నీరు క్షారగుణముగలదై, సున్నపు అంశము తక్కువైనదై యున్నయెడల ఆ ఖనిజములనుండి ఫ్లోరైడును అధికముగ గ్రహించును. కండ్లకు కానరాదు, వాసన రాదు, నాలుకకు తెలియదు. లీటరునకు మిల్లీగ్రాముల లెక్కలోనిది నాలుకకు తెలియుట యెట్లు? కాని పిల్లల పండ్లపై గోధుమరంగు చారలుగను, పెద్దల వెన్నెముకపై వంగని బరువుగను అది కాలక్రమమున బయటపడును. మన దేశమున ఈ వ్యాధిని 1937లో నాటి మద్రాసు రాజధానియందు షార్ట్ మొదలగు వైద్యులు వెల్లడించిరి. 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ యందు సిద్దిఖీ అను వైద్యుడు ప్రత్యేకముగ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను గూర్చియే వ్యాసము ప్రకటించెను. మర్రిగూడ, చౌటుప్పల్, నారాయణపురము, మునుగోడు వైపున ‘ఫ్లోరిన్ నీళ్ళు’ అను మాట చిన్నపిల్లలకును తెలిసినదే. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలిచి, బ్యాలెట్ పత్రము పుస్తకమంతై, ఎన్నికయే వాయిదాపడిన ఉదంతమును పెద్దలు ఇప్పటికిని చెప్పుకొందురు. ఆ అభ్యర్థులలో అనేకులు కోరినది పదవి గాదు, నీరు.

ఇంతటి చరిత్రగల చోట సైతము ఇంటి వడపోత అనగానే జనులు చేయునది ఏది? మూడు కుండలు ఒకదానిపై నొకటి నిలిపి, గులకరాళ్ళు, ఇసుక, బొగ్గు నింపుట. పాఠ్యపుస్తకములలో బొమ్మవేసి నేర్పినది గదా! ఆ సాధనము మురికిని ఆపును, బురదను ఆపును, వాసనను కొంత తగ్గించును. ఫ్లోరైడును మాత్రము ఆపజాలదు. కరగిన పదార్థమునకు ఇసుక అడ్డుగాదు. మరికొందరు ‘కాచి చల్లార్చిన నీరు’ సర్వరోగనివారణమని తలంతురు. కాచుటవలన సూక్ష్మజీవులు నశించుట నిజమే. ఫ్లోరైడు నశింపదు సరికదా, నీరు ఆవిరియై తగ్గినకొలది మిగిలినదానిలో దాని సాంద్రత పెరుగును. చాయ్ విషయమున మరియొక సంగతి గలదు. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడును తన ఆకులలో కూడబెట్టుకొను స్వభావము గలది; ముదురాకుల పొడిలో అది మరింత హెచ్చు. ఆ పొడిని ఫ్లోరైడు నీటిలో గంటసేపు మరగించినచో రెండు మార్గముల వచ్చినది ఒకే కప్పులో చేరును. దినమునకు ఐదారుమార్లు చాయ్ త్రాగువారు ఈ వాక్యమును మరల చదువవలెనని నా మనవి.

కావున వడపోత కట్టుటకు ముందు చేయవలసిన పని బకెట్టు కొనుట గాదు, నీటిని తెలిసికొనుట. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను ఆ బోరు నీటితోనే రెండుమూడు మారులు తొలిచి, నింపి, గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలకు కొనిపోయి, రెండు అంకెలను తప్పక అడుగుడు. ఒకటి ఫ్లోరైడు, రెండవది క్షారత్వము, అనగా ఆల్కలినిటీ. మొదటిదానిని అందరు అడుగుదురు. రెండవదానిని ఎవ్వరు నడుగరు. కాని రెండవది తెలియనిచో మొదటిదానిని తొలగించుట చీకటిలో సూదికి దారమెక్కించుటయే. భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 10500 ప్రకారము త్రాగునీట ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రాము లోపల నుండుట ఉత్తమము. వేరొక ఆధారము లేనప్పుడు 1.5 వరకు సహింపవచ్చును. ప్రపంచ ఆరోగ్యసంస్థ హద్దును ఆ 1.5 యే. మీ బోరునీరు 0.8 అని తేలెనా, ఈ అధ్యాయములో సగము మీకు అక్కరలేదు, సంతోషముగ విడిచిపెట్టుడు.

ఫ్లోరైడు అధికమని తేలినను, వెంటనే సాధననిర్మాణమునకు పూనుకొనరాదు. వలసిన నీరు వేరొక తావున సులభముగ లభించునేమో చూడవలెను. 2015 జూన్‌లో చౌటుప్పల్‌నందు పైలాన్ వెలసిన త్రాగునీటి పథకమైన మిషన్ భగీరథ గొట్టములద్వారా ఇప్పుడు నదీజలము ఈ సీమలోని ఊళ్ళకు చేరుచున్నది; నల్లా వచ్చు ఇంట త్రాగుటకు, కాచుటకు ఆ నీటినే వాడి, బోరునీటిని బట్టలకు, బాసన్లకు విడుచుట అన్నింటికంటె చవుకైన ఉపాయము. విచిత్రమేమనగా, నల్లా నీరు ‘చప్పగా’ ఉన్నదని బోరునీటితోనే చాయ్ కాచు ఇండ్లు లేకపోలేదు. రెండవ ఉపాయము ఆకాశము. ఈ ప్రాంతమున సాలుకు 700 మిల్లీమీటర్లకు అటునిటుగ వాన కురియును. నలుబది చదరపు మీటర్ల స్లాబు నుండి, తొలివాన మురికిని, నష్టములను తీసివేసినను, ఇరువదివేల లీటర్లకు పైగా పట్టవచ్చును. ఇంటికి త్రాగుటకు, కాచుటకు దినమునకు ఇరువది లీటర్లు చాలునుగదా! వాననీట ఫ్లోరైడు దాదాపు శూన్యము. నిలువచేయుటకు స్థలము చాలనివారు సైతము కలుపవచ్చును: మూడు మిల్లీగ్రాముల బోరునీటికి సమానముగ వాననీరు చేర్చిన ఒకటిన్నరకు దిగును. ‘ఫిల్టరు నీళ్ళ’ క్యాన్లను గూర్చి నేనెక్కువ చెప్పను. ఆర్.ఓ. పొర ఫ్లోరైడును నిజముగ తొలగించును. కాని అది వృథాగ విడుచు నీరు, క్యాను కడుగువాని శ్రద్ధ, పొర మార్చినది ఎన్నడను ప్రశ్న, ఇవి కొనువాని చేతిలో నుండవు.

ఈ మార్గము లేవియు కుదరనివారికి మిగిలిన దారికి ఈ సీమ పేరే యున్నది. నాగపూరునందు 1958లో స్థాపితమై, తరువాత నీరి యని ప్రసిద్ధికెక్కిన జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనాసంస్థవారు పటిక, సున్నము, బ్లీచింగు పౌడరు అను మూడు సామాన్యద్రవ్యములతో ఫ్లోరైడును తీయు విధానమును 1970ల మధ్యకాలమున రూపొందించి, దానికి ‘నల్లగొండ పద్ధతి’ యని పేరిడిరి. అనంతపురముసీమలోని కదిరిలో ఊరంతటికిని సరిపడు కేంద్రము ఈ పద్ధతిపై నిర్మితమైనది. అచ్చటితో ఆగక, తూర్పు ఆఫ్రికాయందలి టాంజానియా, కెన్యా, ఇథియోపియా దేశములకును ఆ పేరుతోనే పోయినది. అచ్చటి అగ్నిపర్వత శిలలును మన గ్రానైటువలెనే నీటికి ఫ్లోరైడు నిచ్చును. టాంజానియాలో రెండు బకెట్లతో ఇంట జరుపుకొను రూపము వ్యాప్తికి వచ్చినది. నేను చెప్పబోవునది ఆ రెండు బకెట్ల రూపమునకు మన వంటింటికి తగిన మార్పు.

ఇందలి రహస్యమును అర్థము చేసికొనిన పిమ్మట కొలతలు గుర్తుండును. పటిక నీటిలో కరగి, నీటియందలి క్షారత్వముతో కలిసి, అల్యూమినియం హైడ్రాక్సైడు అను తెల్లని తునకలుగ మారును. ఆ తునకలు పెరుగుచు, ఒకదానితో నొకటి అంటుకొనుచు ఫ్లోరైడును తమతో పట్టుకొని అడుగునకు దిగును. క్షారత్వము చాలనిచో తునకలు కట్టవు. పటిక మితిమీరినచో నీరు పులుపెక్కి, అల్యూమినియమే కరగి నీటిలో నిలుచును. ఆ లోహమునకును ప్రమాణము గలదు: లీటరునకు 0.03 మిల్లీగ్రాములు ఉత్తమము, 0.2 హద్దు. సున్నము స్వల్పముగ చేర్చుట ఈ పులుపును సరిదిద్దుటకు, తునకలు త్వరగా దిగుటకు. ‘పటిక ఎంత ఎక్కువవేస్తే అంత మంచిది’ అను వంటింటి న్యాయము ఇచ్చట చెల్లదు.

ఇక నిర్మాణము. ఇరువది లీటర్లు పట్టు మూతగల ప్లాస్టిక్ బకెట్లు రెండు, నల్లాలు రెండు. మొదటి బకెట్టునకు అడుగునుండి అయిదు సెంటీమీటర్ల ఎత్తున నల్లా బిగింపవలెను. అంతకంటె దిగువనున్న జాగా బురద నిలుచుటకు. రంధ్రమును కాల్చిన ఇనుపచువ్వతో చేయువారు కలరు. అంచులు వంకరపోయి ఎల్లకాలము కారుచుండును. ప్లంబరు డ్రిల్లుతో ఒక్క నిముషములో సరియైన రంధ్రము పడును, ఇరువైపుల రబ్బరు వాషరు వేసిన చుక్క కారదు. ఈ చిన్నఖర్చు విషయమున పొదుపు వలదు. కలుపుటకు పొడవైన చెక్క తెడ్డు ఒకటి, అంబలి తెడ్డువంటిది, దీనికొరకే వేరుగ నుంచుడు.

పటికను ముద్దగ వేయరాదు. వంద గ్రాముల పటికను దంచి, కొలిచిన ఒక లీటరు నీట కరగించి సీసాలో నుంచినచో, ఆ ద్రవము ఒక మిల్లీలీటరులో సుమారు 100 మిల్లీగ్రాముల పటిక యుండును. సూదిలేని సిరంజిగాని, దగ్గుమందు సీసాపై వచ్చు కొలతమూతగాని కొలచుటకు చాలును. ఉదాహరణకు మీ నీట ఫ్లోరైడు లీటరునకు 3 మిల్లీగ్రాములు, క్షారత్వము 400 అని ప్రయోగశాల చెప్పినదనుకొందము. అట్టి నీటికి లీటరునకు సుమారు 400 మిల్లీగ్రాముల పటిక వలయును. ఇరువది లీటర్లకు 8 గ్రాములు, అనగా సీసాలోని ద్రవము 80 మిల్లీలీటర్లు. సున్నము పటికలో ఇరువదవ వంతు, ఇచ్చట 0.4 గ్రాము, మిక్కిలి స్వల్పమే. ఈ అంకెలు ఆరంభమునకే. ఫ్లోరైడు పెరిగినను, క్షారత్వము పెరిగినను పటిక పెరుగును. కావున ఒకే నీటిని నాలుగు సీసాలలో పోసి, నాలుగు మోతాదులు వేసి, తేరిన నీటిని మరల పరీక్షింపించుట ఉత్తమమైన మార్గము. ఒక్కమారు ఈ శ్రమకోర్చినచో ఆ బోరుకు మోతాదు నిర్ణయమగును. వేసవిలో నీటిమట్టము దిగినప్పుడు, వానలు పడినపిదప మాత్రము మరల చూడవలెను, ఏలయనగా బోరు అదియే యైనను నీరు అదియే గాదు.

బకెట్టులో నీరు నింపి మొదట కొంచెము నీట కలిపిన ఆ సున్నమును, వెంటనే పటిక ద్రవమును పోసి, ఒక నిముషము వేగముగ త్రిప్పుడు. అది అంతట వ్యాపించుటకు. పిమ్మట పది నిముషములపాటు మిక్కిలి నెమ్మదిగ, నీరు కదలుచున్నదా యని సందేహము కలుగునంత నెమ్మదిగ త్రిప్పుడు. ఇచ్చటనే ఎక్కువమంది తప్పుదురు. తొందరలో గిరగిర త్రిప్పినచో కట్టిన తునకలు పగిలిపోయి, గంటలు గడచినను దిగవు. నెమ్మదిగ త్రిప్పునప్పుడు విరిగిన పాలవంటి తునకలు కానరావలెను. తరువాత మూతపెట్టి కదపక కనీసము ఒక గంట విడువుడు. రాత్రి భోజనములైన పిదప ఈ పని చేసి పడుకొన్నచో తెల్లవారునప్పటికి నీరు అద్దమువలె తేరియుండును, ఉదయపు చాయ్‌కు సిద్ధము. త్రిప్పుట ఇంటి ఇల్లాలి పనులకు తోడుగ మరియొక పని కాకుండ చూడవలెను, టి.వి. ముందు కూర్చున్న పురుషుని చేతికి తెడ్డు నిచ్చుట నా సలహా. పది నిముషముల వార్తలు వినుచు త్రిప్పవచ్చును.

తేరిన నీరు నల్లాద్వారా రెండవ బకెట్టులోనికి దిగునప్పుడు ఉతికి ఎండవేసిన నూలు ధోవతి గుడ్డను నాలుగు మడతలు వేసి అడ్డముగ కట్టిన చాలును. తప్పించుకొన్న తునకలు గుడ్డపై నిలుచును. తునకలోనిదే ఫ్లోరైడు కావున తునక చాయ్ గిన్నెలో పడిన చేసిన శ్రమ వృథా. ఇంకను శ్రద్ధగలవారు రెండవ బకెట్టులో అడుగున గులకరాళ్ళు, పైన నీరు తేటగ వచ్చువరకు కడిగిన సన్నయిసుక, నడుమ చేరెడు యాక్టివేటెడ్ కార్బన్ గుళికలు పరచుకొనవచ్చును. పాఠ్యపుస్తకపు మూడుకుండల విద్యకు ఇచ్చట సరియైన స్థానము దొరకినది. పొయ్యిబొగ్గు ఈ గుళికలకు సాటిరాదు. దాని నలుసులు నీటిలో నల్లగ తేలును. కార్బన్ పనియెల్ల వాసనను, క్లోరినును పట్టుట. నల్లా నీట క్లోరిను వాసనవలన చాయ్ చెడుచున్నదని తోచువారికి, వారి నీట ఫ్లోరైడు లేనియెడల, ఈ రెండవ బకెట్టు ఒక్కటియే చాలును.

బ్లీచింగు పౌడరు సంగతి. నీరివారి పద్ధతిలో అది క్రిమినాశనమునకు చేర్చబడినది. మరగించు నీటికి, అనగా చాయ్‌కు, కాఫీకి, ఉడికించు అంబలికి, దాని అవసరము లేదు. అంబలి ఉడికిన పిదప పలుచనచేయుటకు కలుపు నీరును, పచ్చిగా త్రాగు నీరును వేరు. ఆ నీటిని కాచి చల్లార్చుడు. మూసీ ఒడ్డున, వలిగొండ, పోచంపల్లి వైపున నున్నవారు మాత్రము ఈ అధ్యాయమును నమ్ముకొనరాదు. నగరపు మురుగును, కర్మాగారపు వ్యర్థములను మోయు నదిప్రక్కన బావినీటిలో చేరునవి ఈ బకెట్లకు లొంగవు.

ఇప్పుడు చాయ్ రుచికి వత్తము. చౌటనీటితో కాచిన చాయ్‌పై తెట్టు కట్టుట, రంగు ఎరుపెక్కక మబ్బుగ నల్లబడుట మీరందరు చూచినదే. దానికి ముఖ్యకారణములలో క్షారత్వము ఒకటి. వేసిన ప్రతి మిల్లీగ్రాము పటికకు సుమారు అరమిల్లీగ్రాము క్షారత్వము ఖర్చగును. పై ఉదాహరణలోని నీట 400 ఉన్నది 200కు దిగును. ఫ్లోరైడుకొరకు చేసిన పనికి ఫలముగ చాయ్ రంగు విప్పుకొనును, తెట్టు తగ్గును, గిన్నె అడుగున తెల్లని పొర పలుచబడును. ఇది ఉచితముగ రాలేదు: పటికలోని సల్ఫేటు నీట మిగులును. లీటరునకు 400 మిల్లీగ్రాముల పటికతో సుమారు 170 మిల్లీగ్రాముల సల్ఫేటు చేరును. ఉత్తమప్రమాణము 200, హద్దు 400. పటిక గ్రాముదాక వేయవలసిన నీరైనచో సల్ఫేటు హద్దు దాటును, నాలుకకు ఒగరు తెలియును. అట్టి బోరును వంటింటికి దూరముగనుంచుటయే వివేకము. ఉప్పనినీటి ఉప్పును కూడ పటిక తీయలేదని మరువరాదు.

చవుకైన సాధనము డబ్బుకు మాత్రమే చవుక. అది తన మూల్యమును ప్రతిదినము శ్రద్ధరూపమున వసూలుచేయును. ఊళ్ళలో పాడుబడిన ఫ్లోరైడు యంత్రముల కథలు అనేకము విందుము. యంత్రము చెడుటకంటె మునుపు దానిని చూచుకొను మనిషి మానుకొనుటయే వానిలో తరచు కానవచ్చును. ఇంటిలో దీనికి మందు గోడమీది క్యాలెండరు. పటిక ద్రవము కలిపిన దినము, గుడ్డ మార్చిన దినము, నీరు పరీక్షకు పంపిన దినము, వచ్చిన అంకె, వీనిని పాలలెక్క వ్రాయు చోటనే వ్రాయుడు. పాలలెక్క ఎవరును మరువరుగదా! తేరిన నీటిలో పి.హెచ్. కాగితము ముంచి 6.5 నకు తగ్గకున్నదా యని చూచుట వారమునకొకమారు చేయదగిన పని. తగ్గినచో పటిక మించినది, సున్నము చాలలేదు.

బకెట్టు అడుగున మిగిలిన బురదను ప్రతిదినము పారవేయవలెను. మరునాటి నీటిని దానిపై పోసినచో పట్టుబడిన ఫ్లోరైడులో కొంత తిరిగి నీటిని చేరును. దానిని వాకిటిలో చల్లుట, పశువుల కుడితిలో పోయుట, బావిగట్టున వంపుట తగదు. పెరటిలో బావికి, బోరుకు దూరముగ మోకాలిలోతు గుంట త్రవ్వి, అందు పోసి, కోళ్ళు కెలకకుండ పైన మన్ను కప్పుచుండవలెను. ఆ గుంట నిండినపుడు మరియొకటి త్రవ్వుకొని, నిండినదానిపై కూరమళ్ళు వేయకుండ జాగ్రత్తపడవలెను.